కూలివాని కడుపు ఎవరి పూచీ?

హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో మేడలకు కావలియుండువారిలో మన పల్లెలనుండి పోయినవారును కలరు. జీతము చాలనిచో వారి సంసారము చౌకడిపో బియ్యముతో గడచును. 1983లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చెను. 2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వము కార్డుగలవారికి తలకు ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చుటకు మొదలిడెను. మేలే. కాని ఆ వెల మనమందఱము కట్టు పన్నులలోనిది. అనగా యజమాని మిగుల్చుకొన్న జీతములో కొంత మనము చెల్లించుచున్నాము!

కనీస వేతనమైన నియ్యజాలని పరిశ్రమకు బ్రదుకు హక్కు లేదని సుప్రీం కోర్టు 1957లోనే చెప్పెను. అంతకు తగ్గిన కూలికి చేయించుట వెట్టియేయని 1982లో తీర్పిచ్చెను.

“మా నాట్లకూలి మాటేమి?” అందురా? న్యాయమే. తన ధాన్యమునకు వెల తాను కట్టుకొనలేని చిన్నరైతును మేడ యజమానితో సరిపోల్చరాదు. అతనికి గిట్టుబాటు ధర ప్రభుత్వమే చూపవలెను. అయినను, ధర వచ్చిన యేడు సైతము కూలి బిగబట్టువారిని నేనెఱుగుదును. వారును సంఘసభ్యులే.