డీఏపీ బస్తాలో రెండు కిలోల హైడ్రోజన్

అక్టోబరు వానలు తెరిపి ఇవ్వగానే కోయిలకుంట్ల నల్లరేగడిలో పప్పుశనగకు గొర్రు కదులుతుంది. ఆ రోజుల్లో ఎక్కడ నలుగురు చేరినా మాట డీఏపీ మీదికే పోతుంది. లోడు వచ్చిందా, మనిషికెన్ని బస్తాలిస్తున్నారు, ఆధార్ తేవాలా? ఫోన్లో నీళ్లతో నడిచే బండి వీడియో చూసి, ‘హైడ్రోజన్ వస్తే పెట్రోలు పీడ ఇడుస్తాదంట గదప్పా’ అనేవాళ్లూ అక్కడే ఉంటారు. వాళ్ల పొలాల్లోకి హైడ్రోజన్ ఎప్పుడో వచ్చేసింది. వాళ్లు వరుసలో నిలబడిందీ దాని కోసమే.

50 కిలోల డీఏపీ బస్తాలో నత్రజని 18 శాతం, అంటే 9 కిలోలు. దానికి సుమారు 11 కిలోల అమ్మోనియా కావాలి. అందులో దగ్గర దగ్గర 2 కిలోలు హైడ్రోజనే. 45 కిలోల యూరియా బస్తాకైతే 4 కిలోల పైమాటే. ఇప్పుడీ హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. కిలో తీసేసరికి 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ గ్యాసు బదులు ఎండతో, గాలితో పుట్టిన కరెంటు వాడి నీటిని విడగొడితే వచ్చేదే గ్రీన్ హైడ్రోజన్. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ పెట్టింది దీని కోసమే.

గిట్టుబాటవుతుందా అంటే, దేనికి అని ముందు అడగాలి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది. టయోటా మిరాయ్ కారు 5.6 కిలోలతో 650 కిలోమీటర్లు పోతుందని కంపెనీ మాట. అంటే కిలోకు 115 కిలోమీటర్లు. అదే 55 యూనిట్లు బ్యాటరీ కారుకు ఎక్కిస్తే 350 కిలోమీటర్లు పోవచ్చు. పైగా ఈ వాయువును ట్యాంకులో పట్టించాలంటే మామూలు గాలి ఒత్తిడికి 700 రెట్లు అణచాలి. స్కూటరుకు, ఆటోకు, వంట పొయ్యికి హైడ్రోజన్ శుద్ధ దండగ. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఎరువు సంగతి వేరు. అమ్మోనియాకు హైడ్రోజన్ లేకుండా కుదరదు, అక్కడ బ్యాటరీ ఏం చేయలేదు.

ఇక ధర. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో యూనిట్ 3.15 రూపాయలు పలికితే అబ్బో అనుకున్నాం. ఆ రేటుకే 52 యూనిట్లు కొన్నా కిలోకు కరెంటు ఖర్చొక్కటే 164 రూపాయలు. గ్యాసు నుంచి తీసిన హైడ్రోజన్ మొత్తం ఖరీదే దాదాపు అంత. దీనిపైన నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ ఖరీదు, దాని వడ్డీ. మన సీమ ఎండ ఎంత మండినా పొద్దు గూకితే పని ఆగుతుంది, కోట్లు పోసిన యంత్రం ఖాళీగా కూర్చుంటుంది.

పిన్నాపురం ప్రాముఖ్యం అక్కడే. పాణ్యం మండలంలోని ఆ గుట్టల్లో గ్రీన్‌కో సంస్థ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్‌కు 2022 మేలో శంకుస్థాపన చేయించింది. పగటి కరెంటుతో కింది జలాశయం నీళ్లు పైకి తోడతారు, రాత్రి వాటినే కిందికి వదిలి కరెంటు తీస్తారు. నూటికి 75, 80 యూనిట్లు తిరిగొస్తాయి. గ్రీన్‌కో ప్రమోటర్లదే అయిన ఏఎం గ్రీన్ కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా కర్మాగారం తలపెట్టింది. రాత్రీపగలూ దానికి కరెంటు అందించడానికి ఈ గుట్టలు కావాలి.

ఈ హైడ్రోజన్ నీళ్లన్నీ తాగేస్తుందేమోనన్న భయం సీమలో సహజం. కానీ లెక్క వేస్తే ఆ 10 లక్షల టన్నుల అమ్మోనియాకు, కిలో హైడ్రోజన్‌కు 20 లీటర్ల చొప్పున ధారాళంగా వేసుకున్నా, ఏడాదికి టీఎంసీలో ఎనిమిదో వంతుకు మించదు. అదీ కాకినాడలో. నీళ్ల పేరుతో హైడ్రోజన్‌ను తిట్టడం గురి తప్పిన దెబ్బ.

2025లో ఎరువుల కర్మాగారాల కోసం కేంద్ర సంస్థ సెకీ పిలిచిన తొలి వేలంలో గ్రీన్ అమ్మోనియా కిలో 55.75 రూపాయలకు తేలింది, పదేళ్లకు అదే ధర. మన డీఏపీ బస్తాకు కావలసిన 11 కిలోలకు 613 రూపాయలు. అనుకున్నంత భయంకరమైన ధర కాదు. రైతు కట్టే 1,350 రూపాయలు ప్రభుత్వం చెప్పిన రేటు కాబట్టి తేడా ఏదైనా ముందు పడేది సబ్సిడీ పద్దు మీదే. యూరియాకు మాత్రం ఇది సూటిగా సరిపోదు. దానికి కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి, గ్యాసు మానేస్తే అదీ పోతుంది. కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాల్లో కావలసినంత ఉంది గానీ, పట్టి శుద్ధి చేయడం మళ్లీ ఖర్చే.

 

నా అభ్యంతరం ఇంజినీర్ల లెక్కతో కాదు. అమ్మోనియా కర్మాగారం ఓడరేవు దగ్గరే పెట్టాలి, నిజమే. కానీ కాకినాడ సరుకులో పెద్ద భాగం చూపు యూరప్ మార్కెట్ మీద ఉంది. ఎండా గుట్టా మనవి, ఉద్యోగాలు తీరానివి, ఎరువు పరాయి దేశానిది. జలవిద్యుత్ ప్రాజెక్టులైతే 2008 విధానం ప్రకారం సొంత రాష్ట్రానికి 12 శాతం ఉచిత కరెంటు, స్థానికాభివృద్ధికి మరో 1 శాతం ఇవ్వాలి. 2023 ఏప్రిల్ మార్గదర్శకాల్లో పంప్డ్ స్టోరేజ్‌కు కేంద్రం ఈ ఉచిత కరెంటు బాధ్యత తీసేసింది. ఆ 1 శాతమైనా పాణ్యం, బనగానపల్లె, కోయిలకుంట్ల పంచాయతీలకు ఇప్పించమని మన ఎమ్మెల్యేలు శాసనసభలో అడగొచ్చు.