మోకు పైకెక్కాలి, మనిషి కాదు

ఇంటి మీదికి వాలిన చింతనో, ఎండిన వేపనో కొట్టించాలంటే మన ఊళ్లలో పని మొదలయ్యేది మనిషి చెట్టెక్కడంతోనే. ఒకరు భుజాన మోకు వేసుకుని పైకి పాకుతారు, పంగలో ముడి వేసి దిగుతారు, ఆ తర్వాతే కింద రంపం కదులుతుంది. చెట్టును కావలసిన వైపు పడేలా లాగేది ఆ మోకే కనుక దాన్ని ఎత్తున కట్టక తప్పదు. కట్టడానికి మనిషి ఎక్కాల్సిన అవసరం మాత్రం చాలా చెట్లకు లేదు. పైగా కొట్టేయాలనుకున్న చెట్టంటే చాలాసార్లు ఏదో తేడా చేసిన చెట్టే: వేరు కుళ్లి ఉంటుంది, మాను గుల్లబారి ఉంటుంది, లేదా తుపానుకు వేళ్లు కదిలి ఉంటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు చెట్లు ఎంత సులువుగా కూలతాయో అందరూ చూశారు. పైకి గట్టిగా కనిపించే ఎండుకొమ్మ మనిషి బరువు పడగానే విరిగిపోతుంది. ఎక్కకూడని చెట్టునే ఎక్కమంటున్నాం.

మోకు ఎత్తున ఎందుకుండాలో ముందు చూడాలి. పాతిన గుంజను కదిలించాలనుకున్నవాళ్లు దాన్ని మొదట్లో పట్టుకోరు, కొస పట్టుకుని ఊపుతారు. చెట్టూ అంతే. 2 మీటర్ల ఎత్తులో కట్టి లాగేదానికంటే 8 మీటర్ల ఎత్తులో కట్టి అదే బలంతో అదే ఏటవాలులో లాగగలిగితే మొదలు మీద పడే తిప్పుడు బలం నాలుగు రెట్లు. ఆ ఏటవాలు కోసమే లాగేవాళ్లు దూరంగా నిలబడాలి. 8 మీటర్ల ఎత్తున్న ముడిని 8 మీటర్ల దూరం నుంచి లాగితే బలంలో నూటికి 71 వంతులే చెట్టును పక్కకు వంచడానికి పనికొస్తాయి; 16 మీటర్ల నుంచి లాగితే 89. చెట్టు ఎత్తును మించిన దూరంలో ఉంటేనే కొమ్మలు మీద పడకుండా ఉంటాయి కూడా. అలాగని చిటారున కడితే సన్నటి కొస విరిగిపోతుంది. చెట్టు ఎత్తులో సగం దాటి, మాను ఇంకా లావుగా ఉన్న పంగ మంచిది.

అక్కడికి కింద నుంచే మోకు చేర్చడం విదేశాల్లో చెట్ల పనివాళ్లకు రోజువారీ పని. వాళ్లు మోకును విసరరు, దారాన్ని విసురుతారు. సుమారు 2 మిల్లీమీటర్ల మందమున్న నున్నటి సింథటిక్ దారం, దాని కొసన గుళ్లు నింపిన 300, 400 గ్రాముల చిన్న సంచి. పంగ దాటిన సంచి తన బరువుతో తానే నేలకు దిగాలి, అందుకే ఆ నునుపు. పురికొస వాడితే బెరడును పట్టుకుని సంచి పైనే వేలాడుతుంది. సంచికి బదులు రాయి కడితే అది పంగలో ఇరుక్కుంటుంది, లేదా ముడి జారి ఎవరి నెత్తినో పడుతుంది. సంచి దిగాక దాన్ని విప్పి, ఆ కొసకు మోకు కట్టి, రెండో వైపు నుంచి దారం లాగుతారు. దారం వెంట మోకు పంగ దాటి దిగుతుంది. దాని కొసను మాను చుట్టూ తెచ్చి మోకు మీదే జారుముడి వేసి లాగితే ఉచ్చు పైకి పాకి బిగుస్తుంది. మధ్యలో కొమ్మలు అడ్డొస్తే ఆ కొసను కింద, కోత పడే చోటుకు కాస్త పైన, మానుకే కట్టేయవచ్చు. చెయ్యి విసురుకు అందని ఎత్తుకు పొడవాటి కర్రకు బిగించిన పెద్ద ఉండేలు ఉంది. వడిసెలతో చేలల్లో పిట్టలను తోలినవాళ్లకు ఈ గురి కొత్త విద్యేమీ కాదు.

చెట్టెక్కడం వచ్చినవాళ్లకు ఇదంతా ఆలస్యమనిపిస్తుంది. నిజమే, మొదటి విసురుకే కోరిన పంగ దొరకదు, గుబురు మామిడిలో దారం చిక్కుపడుతుంది. దానివల్ల పోయేది కాసేపటి పనే. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది: పైకెళ్లినవాడు పంగ పుచ్చిందో లేదో తట్టి చూడగలడు, కిందున్నవాడికి ఆ వీలు లేదు. అందుకే మోకు పడ్డాక, రంపం పెట్టకముందే, ఇద్దరు ముగ్గురు దూరం నుంచి గట్టిగా లాగి చూడాలి. పుచ్చిన పంగ ఉంటే అప్పుడే విరుగుతుంది, దాని మీద మనిషి ఉండడు. ఇక ట్రాక్టరుంటే కిందే కట్టి లాగేయొచ్చు కదా అనేవాళ్లున్నారు. ఇది ఇంకా ప్రమాదం. సగం కోసిన చెట్టును ఇంజను బలంతో గుంజితే మాను నిలువునా చీలి, మొదలు వెనక్కి ఎగిరి రంపం పట్టినవాణ్ని కొట్టగలదు. నైలాన్ మోకు సాగి తెగితే ఆ దెబ్బా చిన్నది కాదు. ఎత్తున కట్టిన మోకుకు అంత బలం అక్కర్లేదు. కుదుపు లేకుండా బిగువుగా పట్టి ఉంచితే చాలాసార్లు సరిపోతుంది.

కొబ్బరికీ తాటికీ ఈ పద్ధతి కుదరదు. వాటికి పంగలుండవు, మట్టల మీద పడిన దారం మట్టతో సహా ఊడొస్తుంది. అక్కడ మాను చుట్టూ వదులుగా ఉచ్చు వేసి, వెదురు దోటెలతో కొంచెం కొంచెంగా పైకి నెట్టాలి. దగ్గర్లో కరెంటు తీగలుంటే మాత్రం ఏ చెట్టు మీదికీ దారం విసరకూడదు, దోటె ఎత్తకూడదు. తడిసిన దారం, మోకు, పచ్చి వెదురు అన్నీ కరెంటును మనిషి దాకా తెస్తాయి. విద్యుత్ సిబ్బందితో సరఫరా ఆపించి, ఆగిందని వాళ్లే పరీక్షించి చెప్పాక సంచి చేతిలోకి తీసుకోవాలి.