వలకు నీడ కావాలి

గోదావరికి వరద నీరు రాగానే పులస ఏటికి ఎదురెక్కుతుంది. అంతర్వేది దగ్గర సముద్రం వదిలి, వశిష్ఠ పాయలోకి వస్తుంది. దాన్ని పట్టేది సన్నని దారం వల. చేప తల వల కన్నులో దూరుతుంది. ఒళ్లు దూరదు. వెనక్కి పోదామంటే మొప్పలకు దారం తగులుకుంటుంది. అంతే, చిక్కిపోతుంది. మరి దారం తెగితే? చేపా పోతుంది, ఆ రోజు కష్టమూ పోతుంది.

వెనకటి వలలు నూలువి. తడి నూలును కంటికి కనబడని పురుగులు తింటాయి. నూలు కుళ్లుతుంది. అందుకే చెట్ల బెరడు ఉడికించి, ఆ నీళ్లలో వల ముంచేవారు. వేట నుంచి రాగానే ఎండలో పరిచేవారు. ఎండే ఆ వలకు మందు.

1935లో అమెరికాలో నైలాన్ కనిపెట్టారు. తర్వాత అది మన వలల్లోకీ వచ్చింది. నైలాన్ నీళ్లలో కుళ్లదు. నూలుకంటే గట్టిది.

"అత్తా, కొత్త వలే కదా! అప్పుడే పుటుక్కుమంటోందేంటి?" అంటుంది కోడలు.

"రోజూ ఎండలో వేస్తున్నాంగా!" అంటుంది అత్త.

చిక్కు అక్కడే ఉంది. నూలు వలను కాపాడిన అలవాటే నైలాన్ వలను పాడు చేస్తుంది. ఎండలో కంటికి కనబడని కిరణాలుంటాయి. అవి దారాన్ని లోలోపల విరుస్తాయి. దారం పెళుసెక్కుతుంది. సన్న దారం ముందు పోతుంది.

నైలాన్ సాగుతుంది కూడా. గాలం దారాన్ని బాగా లాగి రీలుకు చుట్టారనుకోండి. అది మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఒక్క చుట్టు నొక్కితే ఏమీ కాదు. వందల చుట్లు కలిసి నొక్కితే నాసిరకం ప్లాస్టిక్ రీలు పగులుతుంది.

ఇక ముడి సంగతి. నైలాన్ నున్నన. ఒంటి ముడి జారుతుంది. కన్ను పెద్దదై చేప తప్పించుకుంటుంది. అందుకే రెండు చుట్ల ముడి వేయాలి.

సముద్రంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మర పడవల వేట ఆపుతారు. వలలు బాగు చేసుకునేది అప్పుడే. మండుటెండలూ అప్పుడే! వలను మంచినీళ్లతో కడిగి, గాలి తగిలే పాకలో ఆరేయాలి. పాక లేకపోతే చెట్టు నీడ, అదీ లేకపోతే పైన గోనె కప్పాలి.

అనుమానమొస్తే వలలోని దారం ఒకటి, కండె మీది కొత్త దారం ఒకటి లాగి చూడాలి. పాతది తేలిగ్గా తెగితే ఆ ముక్క మార్చాలి. తీసేసిన ముక్కల్ని మాత్రం ఏట్లో పారేయకూడదు. అవి కుళ్లవు. మనిషి లేకపోయినా చేపల్ని పడుతూనే ఉంటాయి.