ఎక్స్‌రేకు జడిసి జబ్బును దాచుకుంటున్నారు

టీబీని పట్టుకునే ఎక్స్‌రే యంత్రం ఇప్పుడు ఊళ్లలోకే వస్తోంది. చేత్తో ఎత్తి పట్టుకోగలిగేంత చిన్నది, చూడటానికి పెద్ద కెమెరాలా ఉంటుంది. దాన్ని స్టాండుకు బిగించి, ఎదురుగా ఉన్న ప్లేటుకు ఛాతీ ఆనించి మనిషిని నిలబెడతారు. మెడలో గొలుసో తాయెత్తో ఉంటే తీయిస్తారు. గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకు వంచి, ఊపిరి బిగబట్టమంటారు. మీట నొక్కిన కాసేపటికే ఊపిరితిత్తుల బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీద కనిపిస్తుంది. రోగి చొక్కా గుండీలు పెట్టుకునేలోపు పని అయిపోతుంది.

అంత దగ్గరకు వచ్చిన పరీక్షకు కూడా ‘మాకొద్దు’ అనేవాళ్లున్నారు. ‘ఆ కిరణాలు ఒంట్లో పేరుకుపోతాయంట, రేపు క్యాన్సర్ వస్తే ఎవరు చూస్తారమ్మా’ అని ఆశా కార్యకర్తనే ఎదురడుగుతారు. ఒక ఇంట్లో పెద్దాయన వద్దంటే ఆ ఇంట్లో ఇంకెవరూ రారు. రెండు వారాలుగా దగ్గుతున్న కోడలు కూడా రాదు. ఈ పుకారుకు వాట్సాప్ కాళ్లిచ్చింది. చదువుకున్నవాళ్లు కూడా ఆలోచించకుండా పదిమందికి పంపుతున్నారు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నప్పుడు దీన్ని అమాయకపు నమ్మకమని వదిలేయడానికి వీల్లేదు.

ఎందుకంటే టీబీ ఉన్నవాళ్లందరికీ దగ్గు ఉండదు. 2019 నుంచి 2021 వరకు దేశవ్యాప్తంగా జరిగిన టీబీ సర్వేలో తేలిన సంగతి ఇది: లక్షణాలు మాత్రమే అడిగి, ఎక్స్‌రే తీయకుండా వదిలేసి ఉంటే 42.6 శాతం కేసులు అసలు దొరికేవే కావు. లక్షణాలు ఉన్నవాళ్లలో కూడా దాదాపు 64 శాతం మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లలేదు. ఛాతీ ఎక్స్‌రేను టీబీ స్క్రీనింగులో వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది అందుకే. ఎక్స్‌రే వద్దన్న మనిషికి తప్పేది రవ్వంత రేడియేషన్. మీద పడేది మాత్రం ఇంటిల్లిపాదికీ అంటుకోగల టీబీ.

ఆ రవ్వంత ఎంతో లెక్క వేసి చూద్దాం. ఛాతీ ఎక్స్‌రేలో ఒంటి మీద పడే డోసు 0.02 నుంచి 0.1 మిల్లీసీవర్టు. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ప్రతి మనిషికీ ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టుల రేడియేషన్ ఎలాగూ అందుతూనే ఉంటుంది. అంటే ఎక్స్‌రే డోసు, మనం ఊరికే ఇంట్లో కూర్చున్నా మూడు రోజుల నుంచి పదిహేను రోజుల్లో పడే రేడియేషన్‌తో సమానం. ఒంట్లో సహజంగా ఉండే పొటాషియం-40 ఒక్కటే ఏడాదికి 0.17 మిల్లీసీవర్టు దాకా ఇస్తుంది. అది ఎక్స్‌రే డోసు కంటే ఎక్కువ.

‘పేరుకుపోవడం’ అన్నది అసలే తప్పు. స్విచ్ ఆపితే గదిలో వెలుగు ఎలా మిగలదో, మీట వదిలాక ఎక్స్‌రే కూడా ఒంట్లో అలాగే మిగలదు. కాసేపు మిగిలేది న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షల్లో. బోన్ స్కాన్‌కు, పెట్ స్కాన్‌కు రేడియోధార్మిక మందును సూదితో ఎక్కిస్తారు. అక్కడ కూడా టెక్నీషియం-99ఎం ఆరు గంటలకు సగమవుతుంది. పెట్ స్కాన్‌లో వాడే ఫ్లోరిన్-18కి రెండు గంటలు కూడా పట్టదు. ఈ పరీక్షలకూ ఊళ్లో తీసే ఛాతీ ఎక్స్‌రేకూ సంబంధమే లేదు.

ఇంకా నమ్మకం కుదరనివాళ్లు కేరళ వైపు చూడాలి. కొల్లం జిల్లా కరునాగపల్లి తీరంలో ఇసుక నిండా మోనజైట్, అందులో థోరియం. మన ఉత్తరాంధ్ర తీరపు ఇసుకలో కూడా ఈ ఖనిజం ఉంది. కరునాగపల్లిలో కొన్ని ఇళ్లవాళ్లకు మిగతా ప్రపంచానికి పడేదానికి ఎన్నో రెట్లు రేడియేషన్ పుట్టినప్పటి నుంచీ పడుతూనే ఉంది. దాదాపు 70,000 మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి, తిరువనంతపురం రీజనల్ క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు 2009లో ఫలితాలు ప్రకటించారు. రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు వాళ్లకు కనిపించలేదు. దీన్నిబట్టి రేడియేషన్ మంచిదని ఎవరూ చెప్పడం లేదు. తరతరాలుగా ఆ ఇసుక మీద బతికినవాళ్లలోనే తేడా దొరకనప్పుడు, ఒక్క ఛాతీ ఎక్స్‌రేకు క్యాన్సర్ అంటగట్టడం ఎంత అన్యాయమో చూడమంటున్నాం.

ఈ భయం శూన్యంలోంచి పుట్టిందని మాత్రం అనలేం. ఎక్స్‌రే కనిపెట్టిన తొలి రోజుల్లో అడ్డూ అదుపూ లేకుండా వాడి వైద్యులూ టెక్నీషియన్లూ చేతులు పోగొట్టుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో వాళ్ల స్మారకం కట్టినప్పుడు దాని మీద 169 పేర్లు చెక్కారు. ఇప్పటి జాగ్రత్తలన్నీ వాళ్లు మూల్యం చెల్లించి నేర్పినవి. ఈరోజు ఎక్స్‌రే గదిలో పనిచేసే టెక్నీషియన్ ఛాతీకి పెట్టుకునే చిన్న బ్యాడ్జి, తనకు ఎంత డోసు పడిందో లెక్క చెబుతుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి ఈ సిబ్బందికి విధించిన పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

పుకారు అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది గర్భిణుల విషయంలో. నెల తప్పిన సంగతి తెలియక ఎక్స్‌రే తీయించుకున్న అమ్మాయికి ఇరుగుపొరుగు ఇచ్చే మొదటి సలహా ‘తీయించేసుకో’. కొన్నిచోట్ల ఆ మాట వైద్యుల నోటే వస్తుంది. ఛాతీ ఎక్స్‌రేలో పిండానికి తగిలేది 0.01 మిల్లీగ్రే (ఎక్స్‌రే విషయంలో మిల్లీసీవర్టుతో సమానమైన కొలతే) కూడా ఉండదు. తొమ్మిది నెలల్లో ప్రకృతి నుంచే అంతకు ఎన్నో రెట్లు తగులుతుంది. 100 మిల్లీగ్రేల లోపు డోసు పడితే ఆ కారణంతో గర్భం తీయించుకోవాల్సిన పని లేదని రేడియేషన్ రక్షణపై అంతర్జాతీయ కమిషన్ 2000లోనే చెప్పింది. ఛాతీ ఎక్స్‌రే డోసు ఆ గీతలో పదివేలో వంతు కూడా ఉండదు.

భయం ఎంతమందిని మింగగలదో 1986లో గ్రీసు చూసింది. చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడ రేడియేషన్ పుకార్లు గుప్పుమన్నాయి. నిజానికి ఆ దేశ ప్రజలకు పడిన డోసు ఒక్క మిల్లీసీవర్టు కూడా లేదు. అయినా దాదాపు 2,500 మంది తల్లులు కావాలనుకున్న గర్భాలను పోగొట్టుకున్నారని మరుసటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అంచనా. రేడియేషన్ ఆ బిడ్డల జోలికి రాలేదు. భయమే వాళ్లను పుట్టనివ్వలేదు.

ఇక ఒప్పుకోక తప్పని సంగతి ఒకటుంది. సీటీ స్కాన్ విషయంలో జనం భయానికి కొంత ఆధారం ఉంది. పొట్ట సీటీ ఒక్కటే దాదాపు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు, అంటే మూడు నాలుగేళ్ల సహజ రేడియేషన్ ఒక్కసారిగా. పిల్లల విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తొమ్మిది ఐరోపా దేశాల్లో 22 ఏళ్లలోపు సీటీ తీయించుకున్న దాదాపు 9.5 లక్షల మంది వివరాలతో 2023లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఇప్పటి డోసులతో 10,000 మంది పిల్లలకు సీటీ తీస్తే, తర్వాతి 12 ఏళ్లలో వాళ్లలో ఒకరిద్దరికి ఆ రేడియేషన్ వల్ల రక్త సంబంధ క్యాన్సర్ రావచ్చని అది తేల్చింది. ప్రమాదంలో తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లవాడికి సీటీ తీయకపోతే అంతకంటే ఎంతో పెద్ద ముప్పు. మామూలు తలనొప్పికి, జలుబుకు, ‘ఒకసారి చూసేస్తే పోలా’ అన్న తొందరకు తీయిస్తే మాత్రం ఆ ఒకరిద్దరిని కారణం లేకుండా బలిపెట్టినట్టే.

బాధ కలిగించేది ఇదే. ఊళ్లోని టీబీ శిబిరంలో 0.02 మిల్లీసీవర్టు ఎక్స్‌రేకు ‘వద్దు’ అన్న కుటుంబమే, పట్నం వెళ్లి తలనొప్పికి సీటీ రాయమని డాక్టరు దగ్గర పట్టుబడుతుంది. రాయకపోతే ఆయనకు వైద్యం రాదంటుంది. భయం అక్కర్లేని చోట ఉంది, ఉండాల్సిన చోట లేదు.

కోవిడ్ రెండో అలలో ఇది బట్టబయలైంది. కొద్దిపాటి లక్షణాలున్నవాళ్లు కూడా సీటీ సెంటర్ల ముందు బారులు తీరుతుంటే, 2021 మేలో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. అది పాత లెక్క, ఇప్పటి యంత్రాలతో అయిదు నుంచి పది ఎక్స్‌రేలంతేనని రేడియాలజిస్టుల జాతీయ సంఘం ఖండించింది. ఈ తేడా ఎక్కడిదంటే, మామూలు ఛాతీ సీటీని అతి తక్కువ డోసు ఎక్స్‌రేతో పోలిస్తే మొదటి అంకె దగ్గరకు వస్తుంది. తక్కువ డోసు సీటీని కాస్త ఎక్కువ డోసు ఎక్స్‌రేతో పోలిస్తే రెండోది. జ్వరం, దగ్గు మాత్రమే ఉండి ఆక్సిజన్ బాగున్నవాళ్లకు సీటీ అక్కర్లేదన్నది గులేరియా చెప్పిన అసలు మాట. అది ఎవరికీ గుర్తులేదు. అంకె మాత్రం పుకారుకు ముడిసరుకైంది.

తప్పంతా జనానిదే అనడం న్యాయం కాదు. 2003లో బ్రిటన్‌లో 130 మంది వైద్యులను పరీక్షల డోసుల గురించి అడిగితే, దాదాపు అందరూ అసలు కంటే తక్కువ చెప్పారు. ఎంఆర్‌ఐలో ఇలాంటి రేడియేషన్ ఉండదన్న సంగతి 11 మందికి తెలియదు. అల్ట్రాసౌండ్‌లో ఉండదని కూడా కొందరికి తెలియదు. చీటీ రాసే చేతికే ఇది తెలియకపోతే, చీటీ పట్టుకున్న మనిషి ఎవర్ని అడగాలి? ఏ పరీక్షకు ఎంత డోసు, ఏ జబ్బుకు ఏ పరీక్ష ముందు అన్నది వైద్య విద్యలో ఒక పూట పాఠంగా చెప్పి వదిలేయాల్సింది కాదు. ఏటా మళ్లీ మళ్లీ నేర్పాల్సింది.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. పాలు తాగితేనో కొబ్బరినీళ్లు తాగితేనో ఎక్స్‌రే రేడియేషన్ కడుక్కుపోదు, కడగడానికి లోపల ఏమీ మిగలదు. చేపలు, రొయ్యలు పడనివాళ్లకు స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా కనిపించడానికి ఎక్కించే అయోడిన్ మందు (కాంట్రాస్ట్) కూడా పడదన్నది నిజం కాదు. రోగి పొత్తికడుపు మీద సీసపు ఆప్రాన్ కప్పలేదని టెక్నీషియన్‌తో గొడవపడొద్దు. అది అడ్డుపడితే బొమ్మ చెడి రెండోసారి తీయాల్సి వస్తుంది కాబట్టే, ఆ అలవాటు మానేయమని అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లో చెప్పింది.

ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేలాంటి రేడియేషన్ లేదు. అసలు ప్రమాదం అయస్కాంతం. 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు. స్కాన్ జరుగుతున్నా లేకపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో రోగి వెంట వచ్చిన బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి అడుగుపెట్టాడు. యంత్రం సిలిండర్‌తో సహా అతన్ని లాగేసింది, ప్రాణం పోయింది. అక్కడ తలుపు దగ్గర తాళాలు, హెయిర్‌పిన్నులు, ఫోను తీసేయమంటే విసుక్కోవద్దు. ఒంట్లో పేస్‌మేకర్, క్లిప్పు ఏది ఉన్నా ముందే చెప్పాలి.

స్కాన్ యంత్రాల భారం రోగి మీదే ఆగదు, కరెంటు మీదా పడుతుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఆసుపత్రిలో మూడు సీటీలు, నాలుగు ఎంఆర్‌ఐలు వాడే కరెంటును కొలిచి 2020లో ప్రచురించారు. సీటీలు తాగే కరెంటులో మూడింట రెండొంతులు రోగి ఎవరూ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడే ఖర్చవుతోంది. మన నగరాల్లో రాత్రంతా వెలిగే స్కాన్ సెంటర్ల యజమానులు ఈ ఒక్క సంగతి చూసుకున్నా చాలు, బిల్లూ తగ్గుతుంది, బొగ్గూ మిగులుతుంది.

స్కాన్ రాసినప్పుడు డాక్టరును ఒక మాట అడగండి: ‘దీని ఫలితాన్నిబట్టి నా వైద్యం మారుతుందా?’ మారదంటే తీయించుకోవాల్సిన పని లేదు. పిల్లవాడికి కడుపునొప్పి అంటే అల్ట్రాసౌండ్ ముందు సరిపోతుందేమో కనుక్కోండి. సీటీ తప్పదంటే డోసు పిల్లల సైజుకు తగ్గించారో లేదో అడగండి. పాత ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు పారేయకుండా ఒక సంచిలో దాచి వెంట తీసుకెళ్లండి. అవి లేకనే ఎంతోమందికి అదే స్కాన్ మళ్లీ తీస్తున్నారు. టీబీ ఎక్స్‌రే పిలుపు వస్తే ఇంట్లో అందరూ వెళ్లండి. టీబీ తేలితే మందులు ఉచితం, చికిత్స కాలంలో పోషణకు నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో పడతాయి. గర్భిణి పొరపాటున ఎక్స్‌రే తీయించుకుంటే ఇరుగుపొరుగు మాట విని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. పిండానికి ఎంత డోసు పడిందో రేడియాలజిస్టును లెక్క కట్టి చెప్పమనండి. ఆ అంకె చేతికి వచ్చాకే డాక్టరుతో మాట్లాడండి.