లాటరీ తగిలిందని మెయిల్ వచ్చిందా? బహుమతి ఇచ్చేవాళ్లే ఫీజు అడిగితే.. అక్కడే ఆగిపోండి!

నారాయణపేట: ‘కంగ్రాట్యులేషన్స్.. మీ ఈమెయిల్ ఐడీకి 5 లక్షల పౌండ్ల లాటరీ తగిలింది’. ఇలాంటి మెయిల్ చూడగానే నవ్వుకుని డిలీట్ కొట్టేవాళ్లే ఎక్కువ. కానీ మోసగాళ్లకు వాళ్లతో పనిలేదు. లక్షమందికి పంపితే ఒక్కరు జవాబిచ్చినా చాలు, వాళ్ల దందా నడిచిపోతుంది. ఆ ఒక్కరు ఎలా చిక్కుకుంటారు? ఏ పాయింట్ దగ్గర బయటపడొచ్చు?

ఉదాహరణకు నారాయణపేటలో ఓ చీరల వ్యాపారి ఉన్నాడనుకుందాం. ఇక్కడి చేనేత చీరలకు దేశమంతా పేరుంది. ఇప్పుడు ఆర్డర్లు ఫోన్‌లోనే వస్తున్నాయి. ఎక్కడో పుణె నుంచి, బెంగళూరు నుంచి ముక్కూమొహం తెలియని వాళ్లు మెయిల్ పెట్టి చీరలు అడుగుతుంటారు. కాబట్టి కొత్త పేరుతో, ఇంగ్లిష్‌లో ఓ మెయిల్ వస్తే ఆయనకు వింతగా ఏమీ అనిపించదు. తెరిచి చూస్తాడు. లండన్‌లో లక్కీ డ్రా తీశారట, ప్రపంచం మొత్తంలో పది ఈమెయిల్ ఐడీలు ఎంపికయ్యాయట, అందులో ఈయనది ఒకటట! మన లెక్కలో 5 కోట్లకు పైనే. సరదాకి ‘ఎలా తీసుకోవాలి?’ అని జవాబిస్తాడు. గాలం పడింది.

మొదటి రెండు రోజులు ఎవరూ డబ్బు అడగరు. పేరు, అడ్రస్, ఆధార్ కాపీ, బ్యాంక్ అకౌంట్ నంబర్ అడుగుతారు. రంగురంగుల సర్టిఫికెట్ వస్తుంది.. సీలు, సంతకం, ఆయన పేరు అచ్చుతో సహా. ఆ తర్వాత ‘బ్యాంక్ మేనేజర్’ ఫోన్ చేస్తాడు. సార్ సార్ అంటూ చాలా మర్యాదగా మాట్లాడతాడు. డబ్బు రెడీగా ఉంది సార్, ప్రాసెసింగ్ ఫీజు 12,500 కడితే రేపే మీ ఖాతాలో పడుతుంది అంటాడు. కోట్లు వస్తుంటే 12 వేలు ఎంత? కట్టేస్తాడు. రెండు రోజులకు కరెన్సీ మార్పిడి చార్జీ 38 వేలు. ఆ వెంటనే ఇన్‌కమ్ ట్యాక్స్ క్లియరెన్స్ 85 వేలు. అప్పటికి లక్షా 35 వేలు దాటింది. ఇప్పుడు వదిలేస్తే కట్టినదంతా పోతుందన్న భయంతో ఇంకోటి కడతాడు. మొదట లాగింది ఆశ. ఇప్పుడు లాగుతోంది పోయిన సొమ్ము.

అసలు సరుకు బహుమతి కాదు, ఫీజు

ఈ మోసం మొత్తం నిలబడేది ఒకే ఒక్క మెట్టు మీద. బహుమతి తీసుకోవాలంటే ముందు మీరు డబ్బు కట్టాలి అనడం. ఆ మాట వచ్చిందంటే ఇక మెయిల్ అసలుదా నకిలీదా అని ఆరా తీయాల్సిన పనే లేదు.

ఇక్కడ చాలామంది ట్యాక్స్ అనగానే తడబడతారు. నిజమే, లాటరీ డబ్బు మీద మన దేశంలో పన్ను ఉంది, అదీ 30 శాతం. కానీ బహుమతి సొమ్ము 10 వేలు దాటితే, ఇచ్చేవాళ్లే ఆ పన్నును కోసుకుని మిగిలింది ఇవ్వాలి. గెలిచినవాళ్లు ఎవరిదో పర్సనల్ ఖాతాకు ట్యాక్స్ పంపడం అనేది ఉండదు. కారో బైకో బహుమతిగా వస్తే మాత్రం లెక్క వేరు. వస్తువులోంచి పన్ను కోయలేరు కాబట్టి, పన్ను కట్టాకే వస్తువు చేతికివ్వాలన్న నిబంధన ఉంది. మోసగాళ్లు దీన్నే అడ్డం పెట్టుకుని ‘మీకు కారొచ్చింది, ట్యాక్స్ కట్టండి’ అంటారు. ఆ పన్ను చేరాల్సింది ప్రభుత్వానికి. ఫోన్‌లో మాట్లాడేవాడు పంపిన యూపీఐ ఐడీకి కాదు.

ఇంకో ప్రశ్న. అసలు టికెట్ కొన్నారా? దసరాకో ఉగాదికో బట్టల షాపులో, బంగారం షాపులో లక్కీ డ్రా కూపన్ ఇస్తే, మీ చేత్తో మీరే పేరు రాసి డబ్బాలో వేస్తారు. కొనని టికెట్‌కు, వేయని కూపన్‌కు ఎవరూ కోట్లు ఇవ్వరు. తెలంగాణలో ప్రభుత్వ లాటరీ లేదు. కేరళ, పంజాబ్, నాగాలాండ్ లాంటి కొన్ని రాష్ట్రాలే నడుపుతున్నాయి. అక్కడ కూడా టికెట్ చేతిలో ఉంటేనే డబ్బు. ఇక విదేశీ లాటరీ అంటే ఫెమా చట్టమే అడ్డు. లాటరీ టికెట్ల కోసం మన దేశం నుంచి బయటకు డబ్బు పంపడం నిషేధం. మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల పేర్లూ వాడేస్తుంటారు. అసలు అలాంటి లాటరీయే లేదని ఆ కంపెనీ స్వయంగా చెప్పింది.

గవర్నర్ పేరునూ వదల్లేదు

ఇది కొత్త మోసమేం కాదు. మెయిల్ పుట్టకముందే పోస్టు ఉత్తరాల్లో, ఫ్యాక్సుల్లో నడిచింది. నైజీరియా శిక్షాస్మృతిలోని 419వ సెక్షన్ మీదుగా దీనికి ప్రపంచమంతా ‘419’ అనే పేరు పడింది. మన దగ్గరైతే రిజర్వ్ బ్యాంక్ లోగోలతో, గవర్నర్ పేరుతోనే మెయిళ్లు తిరిగాయి. మన తెలుగువాడు దువ్వూరి సుబ్బారావు గవర్నర్‌గా ఉన్నప్పుడు, 2010 మే 26న ఆర్‌బీఐ బ్యాంకులకు ఓ సర్క్యులర్ పంపింది. ప్రాసెసింగ్ ఫీజు, ట్యాక్స్ క్లియరెన్స్, కన్వర్షన్ చార్జీ అంటూ మోసగాళ్లు వాడే పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఆ పేర్లు మారలేదు! ఆర్‌బీఐ మామూలు జనానికి ఖాతాలు తెరవదు, లాటరీ డబ్బు పంచదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం మెయిళ్లు అక్కడే తేలిపోతాయి.

తర్వాత ఇదే ఆట వాట్సాప్‌లోకి వచ్చింది. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరు, అమితాబ్ బచ్చన్ ఫొటో, 25 లక్షల లాటరీ, హిందీలో ఓ ఆడియో. చాలా కాల్స్ +92తో మొదలయ్యేవి. అది పాకిస్థాన్ కోడ్. ముంబై, పుణె పనులకు వెళ్లొచ్చిన పాలమూరు జనానికి హిందీ కొత్త కాదు. మరాఠీ, కన్నడ కూడా వినబడే ఊరు నారాయణపేట. కాబట్టి ‘మనకు అర్థంకాని భాషలో వస్తుంది, మనం పడం’ అనుకోవడానికి లేదు.

ఫోన్‌లో ఎలా పట్టుకోవాలి?

మొబైల్‌లో మెయిల్ తెరిస్తే పంపినవాళ్ల పేరు మాత్రమే పెద్దగా కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. జీమెయిల్‌లో ఆ పేరు కింద ‘టు మీ’ అని ఉంటుంది, పక్కనే చిన్న బాణం గుర్తు. దాన్ని నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. పైన రిజర్వ్ బ్యాంక్ అని ఉండి, కింద మామూలు ఫ్రీ జీమెయిల్ ఐడీ ఉంటే కథ తేలిపోయినట్టే. అడ్రస్‌లో ఆర్‌బీఐ అనే అక్షరాలు ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, చివర ఏముందో చూడాలి. ఆర్‌బీఐ సైట్ ‘ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్’తో ముగుస్తుంది. బ్యాంకుల సైట్లను కూడా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చాలని 2025లో ఆర్‌బీఐ ఆదేశించింది.

తప్పుల తడక ఇంగ్లిష్ ఉంటే ఫేక్ అని ఒకప్పుడు చెప్పేవారు. దీని వెనక ఓ లెక్క ఉంది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన కార్మాక్ హెర్లీ 2012లో ఓ పేపర్ రాశారు. నమ్మశక్యం కాని మెయిల్ పంపడం మోసగాళ్లకు నష్టం కాదు, లాభమే అన్నది ఆయన వాదన. తెలివైనవాళ్లు మొదట్లోనే తప్పుకుంటారు, పూర్తిగా నమ్మేవాళ్లే జవాబిస్తారు, టైమ్ వేస్ట్ ఉండదు. కానీ ఇప్పుడు ఏఐ టూల్స్‌తో చక్కటి తెలుగులోనూ మెయిల్ రాసేయొచ్చు. భాష బాగుంది కదా అని నమ్మితే కష్టమే.

మెయిల్‌లో ‘ఈ విషయం ఎవరికీ చెప్పొద్దు, 48 గంటల్లో క్లెయిమ్ చేయాలి’ అని ఉంటుంది. ఇది ఊరికే రాసింది కాదు. ఇంట్లో కొడుకో కూతురో చూసి ‘నాయినా, ఎవరికి పంపుతున్నవ్ ఈ పైసలు?’ అని ఒక్క మాట అడిగితే మోసం ఆగిపోతుంది. వాళ్ల భయమంతా ఆ ప్రశ్న గురించే.

అకౌంట్ అద్దెకిచ్చినా కేసే

మరి ఫీజు డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? లండన్‌కు కాదు. 2010 సర్క్యులర్‌లోనే ఆర్‌బీఐ దీన్ని చెప్పింది. ఇక్కడి మనుషుల పేర్లతో వేర్వేరు బ్రాంచీల్లో ఖాతాలు తెరిచి, వాటిలోకి వసూలు చేస్తారు. ఆ ఖాతాల కోసం చదువుకునే పిల్లలకు, పని లేని కుర్రాళ్లకు వల వేస్తారు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకు ఇంత అంటారు. కేసు అయ్యాక పోలీసులు ముందు వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లింటికే. భారతీయ న్యాయ సంహితలో ఇలాంటి మోసానికి ఏడేళ్ల వరకు, ఐటీ చట్టం 66డీ కింద మూడేళ్ల వరకు జైలు ఉంది.

డబ్బు పంపేశాక తెలిస్తే?

సిగ్గుపడి దాచుకోవడమే అన్నింటికంటే పెద్ద నష్టం. వెంటనే 1930కి కాల్ చేయాలి. పంపిన టైమ్, మొత్తం, ఏ బ్యాంక్ నుంచి పంపారు, ట్రాన్సాక్షన్ నంబర్ రెడీగా పెట్టుకోవాలి. డబ్బు ఆ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు జారకముందే ఫ్రీజ్ చేయించడం ఈ నంబర్ పని. అందుకే మొదటి గంట రెండు గంటలు కీలకం. తర్వాత ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు పెట్టొచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కూ వెళ్లొచ్చు. తెలంగాణలో ఈ కేసుల కోసం సైబర్ సెక్యూరిటీ బ్యూరో కూడా పనిచేస్తోంది. కోపంతో మెయిళ్లు, చాట్‌లు డిలీట్ చేయొద్దు, అవే సాక్ష్యం.

బ్యాంక్ తిరిగి ఇస్తుందా అంటే.. కష్టమే. 2017 జులైలో ఆర్‌బీఐ తెచ్చిన నిబంధనల ప్రకారం, ఖాతాదారుడి తప్పు లేకుండా, బ్యాంక్ తప్పూ లేకుండా బయటివాళ్లు డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లో చెబితే రక్షణ ఉంది. లాటరీ మోసంలో మాత్రం డబ్బు పంపింది ఖాతాదారుడే. ఆ రక్షణ ఇక్కడ ఆశించలేం.

కొన్ని వారాల తర్వాత ఇంకో మెయిల్ వస్తుంది. ఈసారి పోలీస్ లోగోతోనో, ఆర్‌బీఐ పేరుతోనో. ‘మీరు లాటరీలో మోసపోయారని తెలిసింది, మీ సొమ్ము రికవరీ అయింది, చిన్న ఫైల్ చార్జీ కడితే పంపిస్తాం’ అని. మోసపోయినవాళ్ల లిస్టు వాళ్ల దగ్గరే ఉంటుంది కదా మరి. 1930 వాళ్లు గానీ, పోలీసులు గానీ డబ్బు వెనక్కి ఇప్పించడానికి ఏ ఫీజూ అడగరు.