కోలాహలానికి ఎన్ని పేర్లు!

ఆడపిల్లకువలె మాటకు కూడ ఒక పుట్టినిల్లు, ఒక మెట్టినిల్లు ఉంటాయి. మెట్టినింట ఎంతకాలం కాపురం చేసినా పుట్టినింటి పోలికలు పూర్తిగా మాసిపోవు. పెద్ద శబ్దాలను, రొదతో నిండిన స్థలాలను వర్ణించడానికి ఆంగ్లంలో వాడే మాటలను పరిశీలిస్తే ఈ సంగతి చక్కగా బోధపడుతుంది. విద్యార్థులు వీటినన్నిటిని పర్యాయపదాలుగా కంఠస్థం చేస్తారు. నిజానికి ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క కథ ఉన్నది. ఆ కథలో శబ్దం కన్న విన్నవాని మనసే ఎక్కువగా కనబడుతుంది.

ముందు మన భాషనే చూడండి. పెళ్లివారింట పుట్టేది సందడి. పరీక్షకు చదువుకొంటున్న పొరుగింటి పిల్లవానికి అదే గోల. సముద్రానిది ఘోష, గాలివానది హోరు, యంత్రాలది రొద. శబ్దాన్ని గ్రహించేది చెవి. దానికి పేరు పెట్టేది మనసు. ఆంగ్లంలోను అంతే. లౌడ్ అంటే శబ్దం హెచ్చుగా ఉన్నదని మాత్రమే. అందులో మెప్పు లేదు, తిట్టు లేదు. నాయిజీ అన్నామంటే మాత్రం ఆ శబ్దం మనకు అక్కరలేదని తీర్పు చెప్పినట్లే. బజారు నాయిజీ అవుతుంది. బజారులోని కేక లౌడ్ అవుతుంది. ఈ భేదం తెలియక బజారునే లౌడ్ అని వ్రాసే విద్యార్థులు ఎందరో!

శబ్దాన్ని కొలవడానికి యంత్రం లేకపోలేదు. టెలిఫోను సృష్టికర్త గ్రాహం బెల్ పేరుమీద డెసిబెల్ అనే కొలత ఏర్పడింది. 10 డెసిబెల్‌లు పెరిగితే శబ్దతీవ్రత 10 రెట్లు అయినట్లు. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి ప్రకారం పాఠశాలల, ఆసుపత్రుల చుట్టు 100 మీటర్ల మేరను నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చును. అక్కడ పగటివేళ పరిమితి 50 డెసిబెల్‌లు. కాని ఆ శబ్దం సందడియో, గోలయో ఏ యంత్రమూ చెప్పలేదు. అది మాటలు చేయవలసిన పని.

ఈ మాటలలో కొన్ని మనకు దగ్గర చుట్టాలే. సంస్కృతానికి, గ్రీకు, లాటిను భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ప్రతిపాదించాడు. ఆ దారిని సాగిన పరిశోధనలవల్ల తేలినదేమంటే, లౌడ్ అనే మాట, మన ‘శ్రుత’ శబ్దం ఒకే మూలంనుండి పుట్టాయి. రెంటికీ మొదటి అర్థం ‘వినబడినది’. ఎడతెగని మోతకు వాడే డిన్ అనే మాట మన ‘ధుని’కి తోబుట్టువు. ధుని అంటే మ్రోగేది. అందుకే నదికి ఆ పేరు వచ్చింది, గంగ సురధుని అయింది. కమ్మరికొలిమి దగ్గర చెవులు గింగురుమనిపించే మోతకు ఆంగ్లేయుడు వాడే మాటకు, మన కవులు గంగకు పెట్టిన పేరుకు ఇంతటి బాంధవ్యం ఉన్నదని ఎవరు ఊహిస్తారు?

కొన్ని మాటలు దారిలో రూపు మార్చుకొన్నాయి. అప్రోర్ అనే మాటకు పుట్టుకతో శబ్దంతో సంబంధం లేదు. 16వ శతాబ్దంలో జర్మను, డచ్చి భాషలనుండి తిరుగుబాటు అనే అర్థంతో అది ఇంగ్లండు చేరింది. చివరి అక్షరాలలో తమ భాషలోని ‘గర్జన’ వినిపించి, ఆంగ్లేయులు దానిని పెనుకేకగా మార్చుకొన్నారు. స్లోగన్ అనే మాట స్కాట్లండులోని గేలిక్ భాషలో సేనల యుద్ధఘోష. మన ‘నినాదం’ కూడ మొదట ఉత్త ధ్వనే. నేడు ఊరేగింపులో చేరింది. ఇక రౌడీ సంగతి సరేసరి! ఆంగ్లంలో అల్లరిచేసే గుంపునంతటినీ రౌడీ అనవచ్చును. తెలుగునాట అడుగుపెట్టేసరికి అతని చేతికి కత్తి వచ్చింది.

అన్నిటికన్న ఆలోచింపజేసేవి స్థలాల పేర్లు. పాండిమోనియం అనే మాటను మహాకవి మిల్టను 1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యంకోసం కల్పించాడు. అది సమస్త పిశాచాల రాజధాని. విచిత్రమేమంటే, ఆ కావ్యంలో పిశాచాలు అక్కడ సభ తీర్చి, ఒకరి తరువాత ఒకరు లేచి ఎంతో క్రమంగా ప్రసంగిస్తాయి. లోకం ఆ క్రమాన్ని మరచి, పేరును కోలాహలానికి అంటగట్టింది. మన ‘రచ్చ’ గతి కూడ ఇంతే. ‘రథ్య’నుండి వచ్చిన ఆ మాటకు నలుగురు చేరే చోటు అని అర్థం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేటి పిల్లలకు రచ్చ అంటే గొడవ!

బెడ్లం కథ ఇంతకన్న విషాదమైనది. 1247లో లండనులో బెత్లెహాము పేర ఒక మఠం వెలసింది. కాలక్రమాన అది మతిచలించినవారి ఆసుపత్రి అయింది. జనుల నోట బెత్లెహాము బెడ్లం అయింది. 1676లో రాజసౌధంవంటి కొత్త భవనం కట్టారు. సంకెళ్లలో ఉన్న రోగులను వినోదంగా చూడడానికి నగరవాసులు తరలివచ్చేవారు. 1770లోగాని ఆ రాకపోకలకు కట్టడి ఏర్పడలేదు. ఆసుపత్రి స్థలాలు మారి నేటికీ సేవ చేస్తున్నది. కాని ఆనాటి దుఃఖితుల ఆర్తనాదం మాత్రం నిఘంటువులో ‘గందరగోళం’గా నిలిచిపోయింది.

ఇది చదివినప్పుడల్లా నాకు నా తప్పు ఒకటి జ్ఞాపకం వస్తుంది. ముప్పయి ఏళ్ల క్రితం, కళాశాలలో చేరిన కొత్తలో, ఒకనాడు తరగతి గోలగా ఉంటే బల్లమీద చరిచి, “ఇది తరగతా, పిచ్చాసుపత్రా?” అన్నాను. అందరూ నవ్వారు. గంట కొట్టిన తరువాత ఒక పిల్లవాడు వరండాలో నాకోసం నిలబడి ఉన్నాడు. “మాస్టారూ, మా అమ్మ అక్కడే ఉన్నదండి. మీరన్నట్లు అక్కడ గోల ఉండదండి. చాలామంది అసలు మాట్లాడనే మాట్లాడరు” అన్నాడు. ఆ కంఠంలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. నేను చెప్పదలచిన మాట నోట వచ్చేలోపలనే అతడు నమస్కరించి వెళ్లిపోయాడు.

మరునాడు తరగతిలో నా మాట తప్పని ఒప్పుకొన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు. మాటలను నేర్పే వృత్తిలో ఉండి, ఒక మాట ఎవరి గుండెమీదుగా నడిచి వచ్చిందో నేను విచారించలేదు. చేపల బజారు అన్నా, సంత అన్నా ఇదే చిక్కు. పొట్టకూటికోసం గొంతు చించుకొనే వారి శ్రమ, వినేవానికి తిట్టుగా అక్కరకు వస్తున్నది.

ఉపాధ్యాయ సోదరులారా! పిల్లలకు ఈ ఆంగ్లపదాలను తప్పక నేర్పండి. నేర్పేటప్పుడు అర్థంతోపాటు వాటి పుట్టినింటిని కూడ ఒక్కసారి చూపించండి. నా తరగతిలో ఇప్పటికీ గోల పుడుతూనే ఉంటుంది. యౌవనం ఉన్నచోట అది సహజం. అప్పుడు నేను అనే మాట ఒక్కటే: “నాయనలారా, కొంచెం శ్రుతి తగ్గించండి.”