వానను కొలిచిన యువకులు

మన పెద్దలు వానను కార్తెలనుబట్టి లెక్కించెడివారు. సూర్యుడు ఏ నక్షత్రమున ప్రవేశించునో ఆ పదుమూడు పదునాలుగు దినములకు ఆ నక్షత్రము పేరే పేరు. రోహిణి కార్తెలో ఎండలు మండును. మృగశిరలో తొలకరి పడును. ఆరుద్రలో రైతు గొర్రు పట్టును. ఈ లెక్క తరతరములుగా మన పల్లెలను నడపినది. సూర్యుడు నేటికిని ఆ దినములలోనే ఆ నక్షత్రములను చేరుచున్నాడు. మేఘములు మాత్రము మునుపటివలె ఆ మాట వినుటలేదు.

దీనికి కారణము మన తలపైనున్న గాలిలోనే కలదు. బొగ్గును, పెట్రోలును, డీజిలును మండించినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడును. యంత్రయుగమునకు పూర్వము గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుగా నుండిన ఈ వాయువు నేడు 420 పాళ్లను దాటినది. ఇది భూమినుండి తిరిగిపోవలసిన వేడిమిని దుప్పటివలె పట్టియుంచును. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడు వంతుల నీటియావిరిని అదనముగా మోయగలదు. ఆ ఆవిరి కురిసిననాడు కుండపోతగా కురియును; పిమ్మట దినముల తరబడి ఆకాశము బోసిగా నుండును. సంవత్సరమునకు పడిన వాన మొత్తము పూర్వమంతయే కావచ్చును. కాని పైరునకు అందిన వాన అంత కాదు.

ఈ సంగతిని పల్లెవాసులకు తెలుపుట యెట్లు? పట్టణమునుండి వచ్చినవారు తెరపై బొమ్మలు చూపి, ధ్రువప్రాంతమున మంచు కరుగుచున్నదని చెప్పిపోవుట నేను పలుమారులు చూచితిని. వినువారు మర్యాదకు తల యూపుదురు. ఇంటికి పోయి మరచెదరు. తన చేనిలో జరుగుచున్నదానిని తనవాడే చూపిననాడు రైతు నిలిచి వినును. అట్లు చూపిన యువకుల కథ యిది.

మాది అనంతపురము జిల్లాలోని యొక చిన్న గ్రామము. మన దేశములో మిక్కిలి తక్కువ వాన పడు ప్రాంతములలో మా జిల్లా యొకటి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేలలు, వేరుసెనగ పైరు, ఎండిన బోరుబావులు, అప్పులు. నేను 2017వ సంవత్సరమున ఉద్యోగవిరమణ చేసి, తండ్రిగారు విడిచిన అయిదెకరములను సాగు చేయ సంకల్పించి వచ్చితిని. అప్పటికే మా యూరి యువరైతు యొకడు, డిగ్రీ చదివి తిరిగివచ్చినవాడు, పాఠశాల ఆవరణలో వానకొలపాత్ర నొకదానిని నాటియుండెను.

ఆ పాత్ర చూచుటకు సామాన్యమైనది. పైన గరాటు, లోపల సీసా, ప్రక్కన గీతలు గల గాజు గొట్టము. ప్రతి ఉదయము ఎనిమిదిన్నర గంటలకు సీసాలోని నీటిని గొట్టములో పోసి చూడవలెను. రెండున్నర మిల్లీమీటర్లయినను పడినగాని దానిని వానదినముగా లెక్కింపరు. ఆ యువకుడును, అతని తోడివారు నలుగురును ఆ అంకెను రచ్చకట్ట ప్రక్కనున్న నల్లబల్లపై వ్రాయుచుండిరి. "ఏమిరా అబ్బీ, వానను గొట్టములో పట్టి అమ్మెదవా?" అని ముసలివారు నవ్వెడివారు. "లేదు పెద్దనాయనా, ఒక్క మిల్లీమీటరు పడిన నీ ఎకరములో నాలుగువేల లీటర్ల నీరు పడినట్లు. అవి ఎక్కడికి పోయినవో వెదకుచున్నాము" అని అతడు బదులు చెప్పెడివాడు. లీటర్లలో చెప్పినంతనే నవ్వు కొంత తగ్గెను.

ఈ పని మా యూరివారు క్రొత్తగా కనిపెట్టినది కాదు. 2003వ సంవత్సరమునుండి 2009 వరకు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవుజిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ తోడ్పాటుతో, రైతులే వానను, బావులలోని నీటిమట్టమును కొలిచి బల్లలపై వ్రాసికొనిరి. రబీకి ముందు అందరును కూర్చుండి, భూమిలోనికి ఇంకిన నీరెంత, తాము తోడబోవునదెంత యని లెక్క కట్టిరి. ఒక ఎకరము వరికి పట్టు నీటితో మూడెకరములకు పైగా సెనగ పండునని అట్టి లెక్కవలన తేలును. ఏ పైరు వేయవలెనని ఎవ్వరును వారిని శాసింపలేదు. లెక్క వారిది, నిర్ణయమును వారిదే.

ఇక నా సంగతి. 2018వ సంవత్సరము మృగశిర కార్తెలో ఒక సాయంకాలము పెద్దవాన కురిసెను. మరునాటి బల్లపై 34 అని వ్రాసియుండెను. నేను సంతోషించి విత్తనపుగింజలు తెప్పించితిని. ఆ యువకుడు నా చేనికి వచ్చి, పారతో గుంట తీసి చూపెను. తడి నాలుగు వ్రేళ్లలోతునకే దిగినది, క్రింద పొడిమన్ను. "అయ్యవారూ, అరగంటలో పడిన వానండి ఇది. ఎక్కువ పాలు వాగుపాలైనది. ఇంకొక వానకు ఆగండి" అనెను. ముప్పదియైదేండ్లు ఇతరులకు పాఠము చెప్పిన నాకు ఆ పిల్లవాని మాట రుచింపలేదు. పంచాంగము చూచి, మూడెకరములు విత్తితిని. మొలక వచ్చెను, తరువాత మూడువారములు చినుకు లేదు. ఎకరమునకు అరువది కిలోలకు దగ్గరగా పోసిన గింజలు మట్టిలోనే మాడిపోయినవి. ఆగినవారు తరువాతి వానకు విత్తిరి. వారికిని ఆ యేడు పంట అంతంతమాత్రమే. ఊడలు దిగువేళ మరల బెట్ట వచ్చినది. అయినను వారి విత్తనము దక్కెను. ఆ యువకుడు నన్నొక్క మాటయు అనలేదు. అది నాకు మరింత సిగ్గు కలిగించెను.

2019లో 'మేఘదూత్' అను ఫోను సాధనము వచ్చినది. వాతావరణశాఖ మంగళ శుక్రవారములలో రైతులకు ఇచ్చు సూచనలు అందులో దొరకును. మా యువకులు వానిని సాయంకాలము రచ్చకట్టపై బిగ్గరగా చదివెడివారు. ఆ సూచనలు కొన్నిమారులు తప్పును. తప్పిననాడు "నిన్న చెప్పినది జరుగలేదు" అని బల్లపై వారే వ్రాసెడివారు. నా మట్టుకు, ఆ యొక్క పంక్తివలననే ఊరివారికి వారిపై నమ్మకము కుదిరినదని తోచుచున్నది.

స్త్రీలలో ఈ ప్రచారము మరియొక త్రోవను నడచెను. ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016నుండి ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. వ్యవసాయపట్టము పొందిన యువతీయువకులు పల్లెలలో నివసించి రైతులతో కలిసి పని చేయుచున్నారు. పొదుపుసంఘములోని యొక చిన్నకోడలు ఆ పద్ధతి నేర్చి, తొలకరికి ముందే పలుజాతుల విత్తనములను మట్టి, బూడిద, జీవామృతములతో పొదిగి పొడిదుక్కిలో చల్లెను. కొద్దిపాటి తడికే అవి మొలచి నేలను కప్పినవి. సంఘము సమావేశమును ఆమె ఇంటిలో కాక ఆ చేనిగట్టుననే జరిపించెను. ఆకుల నీడనున్న మట్టిని, ప్రక్కచేనిలో ఎండకు కాలిన మట్టిని చేతితో తాకి చూడుమని అందరి నడిగెను. ఆనాడు ఉపన్యాసమన్నది లేదు.

గతయేడు ఆ యువకుడు చెల్లెలి పెండ్లికని పొరుగూరు పోవుచు, కొలపాత్ర గదితాళము నాకిచ్చెను. మరునాడు ఎనిమిదిన్నరకు సీసాలోని నీరు పోసి చూచితిని: రెండు మిల్లీమీటర్లు. బల్లపై వ్రాయుచుండగా, నాడు వానిని చూచి నవ్విన పెద్దాయన కర్రపై ఆని నిలిచి, "అయ్యవారూ, విత్తవచ్చునా?" అని యడిగెను.

"ఇంకను వద్దు. రండి, గుంట తీసి చూతము" అంటిని.